అడవి పని, శిక్షణ, అమ్మకం కలిపి ఊరి సంస్థ పెట్టాలంటే ముందు అడవి ఎంత ఇస్తుందో తేల్చుకోండి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థం కావాలి కదా. విశాఖ మధురవాడలో ఉద్యోగాలు చేసుకుంటున్న అయిదారుగురు మిత్రులు, సొంతూరు అనకాపల్లి జిల్లా దేవరాపల్లి మండలంలో కొండ కింద. ఊరి వెనక వన సంరక్షణ సమితి (వీఎస్ఎస్) పేరున ఓ అరవై హెక్టార్ల అడవి ఉంది. ఆ అడవిని బాగుచేసుకుంటూ, ఊళ్లో కుర్రాళ్లకీ ఆడవాళ్లకీ పని నేర్పిస్తూ, అడ్డాకు విస్తర్లు, తేనె, వెదురు సామాను తెచ్చి విశాఖలో అమ్మే సంస్థ పెట్టాలనుకుంటున్నారు. ఒక కంపెనీ సీఎస్ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యతగా ఖర్చుపెట్టే డబ్బు కింద విస్తరి మిషన్లు ఇస్తానంటోంది. తీసుకోవాలా, సంస్థని ఎలా రిజిస్టర్ చేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నవి మీ ప్రశ్నలు.

మిషన్లు ఇప్పుడే తీసుకోవద్దు. మంచి మనసుతో ఇస్తున్నారు, నిజమే, కానీ మిషన్ ఊళ్లోకి వచ్చిందంటే దానికి రోజూ ఆకు కావాలి. ఆకు కోసం జనం అడవిలోకి వెళ్తారు, దగ్గర తీగలు అయిపోతే దూరం వెళ్తారు, చేతికి అందనప్పుడు తీగనే మొదట్లో నరికి కిందికి లాగుతారు. ఆ తీగ మళ్లీ అంత ఎదగడానికి ఏళ్లు పడుతుంది. విశాఖ ఏజెన్సీలో, మన కొండ కింది మండలాల్లో ఇరవై ఏళ్లకు పైగా ఈ పనుల్లోనే ఉన్నాను. ఆగిపోయిన సంస్థల్లో ఎక్కువ శాతం డబ్బు లేక ఆగిపోలేదు, సరుకు లేక ఆగిపోయాయి. అడవి ఏడాదికి ఎంత ఇవ్వగలదో ఎవరూ చూడలేదు, మిషన్ ఎంత తినగలదో దాన్నిబట్టి లెక్కలు వేశారు. నరమామిడి చెక్కనే తీసుకోండి. అగరబత్తి పిండిలో జిగురు కోసం దానికి ఎప్పుడూ గిరాకీయే, కానీ చెట్టు చుట్టూరా చెక్క ఒలిచేస్తే చెట్టు నిలువునా ఎండిపోతుంది. ఆ ఏడాది చేతికి డబ్బు వస్తుంది, మరుసటి ఏడాది చెట్టే ఉండదు.

కాబట్టి వరుస ఇది: ముందు అడవి మీద హక్కు కాగితం, తర్వాత అడవి లెక్క, ఆ లెక్కకి సరిపడా సరుకు, ఆ సరుకుకి కావలసిన శిక్షణ, అన్నీ కుదిరాక మిషన్.

హక్కు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ఊరి పరిస్థితి పాడేరు, అరకు వాళ్ల పరిస్థితి లాంటిది కాదు. దేవరాపల్లి, రావికమతం, గొలుగొండ మండలాల్లో గిరిజన ఊళ్లు చాలావరకు నాన్ షెడ్యూల్డ్ ఏరియాలో, అంటే రాజ్యాంగం కింద గిరిజన ప్రాంతంగా ప్రకటించని చోట ఉన్నాయి. కాబట్టి గిరిజన గ్రామసభలకి అధికారాలిచ్చే పీసా చట్టం గానీ, గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 భూబదలాయింపు నిబంధన గానీ అక్కడ వర్తించవు. అదే మీరు షెడ్డు కొండ మీద అనంతగిరి వైపు కట్టాలనుకుంటే కథ మారిపోతుంది. అక్కడ గిరిజనేతరులు భూమి కొనలేరు, మీరు పెట్టే కంపెనీ కూడా గిరిజనేతరుల కిందికే వస్తుంది. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు అదే అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల మైనింగ్ లీజుల మీద వచ్చిందే. కాబట్టి షెడ్డు ఎక్కడన్నది ముందే తేల్చుకోండి.

అటవీ హక్కుల చట్టం 2006 మాత్రం షెడ్యూల్డ్ ఏరియా అయినా కాకపోయినా వర్తిస్తుంది. మీ ఊరి వాళ్లకి ఇప్పుడున్నది వీఎస్ఎస్, అంటే అటవీశాఖతో కలిసి అడవిని కాపాడే ఏర్పాటు. సామూహిక అటవీ వనరుల హక్కు వేరు. దానికి గ్రామసభ పెట్టి, అటవీ హక్కుల కమిటీని ఎన్నుకుని, ఫారం సీ నింపి సబ్ డివిజన్ కమిటీకి ఇవ్వాలి, అక్కడి నుంచి కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి వెళ్తుంది. గ్రామసభకి సగం మంది హాజరు కావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. ఊళ్లో గిరిజనేతర కుటుంబాలు కూడా ఉంటే వాళ్లు 2005 డిసెంబరు 13కి ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా ఆ అడవి మీద ఆధారపడి ఉన్నట్టు చూపించాలి. ఇప్పటికే ఏదైనా పట్టా వచ్చి ఉంటే అది గ్రామసభ పేరున ఉందా, వీఎస్ఎస్ పేరున ఉందా చూడండి. ఈ ఒక్క తేడా మీద రేపు తేనె డబ్బా ఎవరు అమ్మాలన్నది ఆధారపడి ఉంటుంది. గ్రామసభ పేరున హక్కు ఉంటే చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం ఊరిదే. రవాణా పర్మిట్ కూడా 2012 సవరణ తర్వాత గ్రామసభ కమిటీయే ఇవ్వొచ్చు. మహారాష్ట్ర గడ్చిరోలిలో మెంఢా లేఖా అనే చిన్న ఊరు 2009లో సుమారు 1,800 హెక్టార్ల మీద ఇలా హక్కు తెచ్చుకుని, 2011 నుంచి తన వెదురు తానే అమ్ముకుంది. ఊరు చిన్నదని వెనక్కి తగ్గకండి.

ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటుంది. చట్టంలో చిన్న తరహా అటవీ ఉత్పత్తి అంటే కలప కానిది. వెదురు అందులో ఉంది, తేనె, లక్క, అడ్డాకు, ఉసిరి, కుంకుడు, శీకాయ, చింతపండు ఉన్నాయి. కర్ర లేదు. కాబట్టి కొమ్మలు, సన్న దుంగలు నరికి అమ్మాలంటే అది వీఎస్ఎస్ మైక్రోప్లాన్‌లో, అంటే ఆ అడవిలో ఏ పని ఎప్పుడు చేయాలో రాసుకున్న ప్రణాళికలో రాయించుకుని, అటవీశాఖ అనుమతితోనే చేయాలి. "మా అడవే కదా" అని ఆటో నిండా కర్ర వేసుకుని కిందికి దిగితే కేసు అవుతుంది, ఊళ్లో మీ మాటకి విలువ పోతుంది.

ఇప్పుడు అడవి లెక్క. దీనికి కన్సల్టెంట్ అక్కర్లేదు. ఊళ్లో అడవి తెలిసిన ఇద్దరు పెద్దవాళ్లు, ఫోన్లో జీపీఎస్ వాడటం వచ్చిన ఇద్దరు పిల్లలు, ఒక టేపు, ఒక నోటు పుస్తకం చాలు. అరవై హెక్టార్లని వాగులూ దారులూ చూసుకుని ఏడెనిమిది ముక్కలు చేయండి. ఒక్కో ముక్కలో కొన్ని చోట్ల ఇరవై మీటర్ల గడి గీసి, అందులో ఏయే చెట్లు, ఎంత లావు, ఎన్ని వెదురు పొదలు, ఎన్ని అడ్డ తీగలు, కింద ఎన్ని చిన్న మొక్కలు మొలుస్తున్నాయి అని రాసుకోండి. ఆ చివరిది మర్చిపోవద్దు. పెద్ద చెట్లు ఎన్ని ఉన్నా కింద మొలకలు లేకపోతే ఆ ముక్క ముసలిదైపోయినట్టే, అక్కడ నుంచి కొన్నాళ్లు ఏమీ తీయకూడదు. మొలకలు లేకపోవడానికి కారణం సాధారణంగా మార్చి, ఏప్రిల్ మంటలు, లేదా మేకలు, లేదా లాంటానా కంప దట్టంగా కమ్మేయడం. మూడింటికీ మందు వేరు.

వెదురు పొద దగ్గర ఓ పది నిమిషాలు నిలబడి చూస్తే అడవిని చూసుకోవడం అంటే ఏమిటో మొత్తం అర్థమవుతుంది. కొత్త పిలకలు వానల్లో వస్తాయి, పొద అంచుల నుంచి. ముదురు గెడలు మధ్యలో ఉంటాయి. నరికేవాళ్లు అంచునున్న లేత గెడలు తీసుకుపోతారు, ఎందుకంటే చెయ్యి అక్కడికే అందుతుంది. అలా నాలుగేళ్లు చేస్తే మధ్యలో ఎండు గెడలు బిగుసుకుపోయి పొద ఊపిరాడక చచ్చిపోతుంది. పద్ధతి ప్రకారం పిలకలు లేని వైపు నుంచి గుర్రపు నాడా ఆకారంలో దారి చేసుకుని లోపలికి వెళ్లాలి, మూడేళ్లు దాటిన గెడలే కొట్టాలి, నేలకి దగ్గరగా, కణుపు పైన, ఆ కోతలో నీళ్లు నిలవకుండా. వానాకాలంలో చెయ్యి పెట్టకూడదు. ఏ గెడ ఏ ఏడాదిదో గుర్తుపట్టడం, కొట్టే ముందు సున్నంతో గుర్తు పెట్టడం, ఇదే మీ మొదటి శిక్షణ. గదిలో పవర్‌పాయింట్ పెట్టి చెప్పేది కాదు, పొద దగ్గర నిలబెట్టి నేర్పాల్సింది. కొట్టిన వెదురుని బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెట్టకుండా బుట్టలూ స్టాండులూ చేసి అమ్మితే, కొన్ని నెలలకి కొన్నవాళ్ల ఇంట్లో పురుగు కొట్టి పిండి రాలుతుంది. వాళ్లు రెండోసారి కొనరు, ఇంకో నలుగురికి చెబుతారు కూడా.

బొమ్మలకి వాడే అంకుడు చెట్టు గురించి మీరు అడగలేదు గానీ నన్నడిగితే మీ సంస్థకి నిలకడైన రాబడి అక్కడుంది. ఏటికొప్పాక మీ జిల్లాలోనే, వరాహ నది ఒడ్డున. అక్కడి లక్క బొమ్మలకి 2017లో జీఐ, అంటే ఫలానా ఊరిదే అని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది, సహజ రంగులతో ఆ కళని నిలబెట్టిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది, 2025 రిపబ్లిక్ డే పెరేడ్‌లో మన రాష్ట్ర శకటం మీద ఆ బొమ్మలే నడిచాయి. ఇంత పేరున్న కళకి అసలు ఇబ్బంది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, లేత్ మీద పట్టుకుంటే పొరలు చీలకుండా తిరిగే కర్ర మనకి దొరికేవాటిలో అదే. అంకుడు మంచి గుణం ఏమిటంటే మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది. నేలకి జానెడు ఎత్తులో, పదునైన కత్తితో ఒకే దెబ్బకి, వాలుగా కొడితే వాన నీరు జారిపోతుంది, బెరడు చీలదు, పక్క నుంచి పది పన్నెండు పిలకలు వస్తాయి. మరుసటి ఏడాది వాటిలో నిటారుగా ఉన్న రెండు మూడు ఉంచి మిగతావి తీసేస్తే అవి బొమ్మకి పనికొచ్చే లావుకి తొందరగా వస్తాయి. మొద్దు కత్తితో పదిసార్లు నరికితే మోడు కుళ్లిపోతుంది, అంతే సంగతి. పైన చెప్పినట్టు ఇది కలప కాబట్టి అడవిలోది మైక్రోప్లాన్ ద్వారానే తీయాలి, కానీ పొలం గట్ల మీద, జీడితోటల కంచెల వెంట మీరు సొంతంగా నాటుకోవచ్చు. సొంత పొలంలోదైనా కొట్టడానికీ తరలించడానికీ ఏ అనుమతి కావాలో రేంజ్ ఆఫీసులో కాగితం మీద రాసి అడగండి, నోటిమాట వద్దు. ఏటికొప్పాక వెళ్లి ఇద్దరు ముగ్గురు కళాకారులతో కూర్చుని వాళ్లకి ఎంత లావు, ఎంత పొడుగు, ఎంత ఆరిన కర్ర కావాలో కనుక్కోండి. నర్సరీ ఈ వానలకే మొదలుపెట్టండి, కర్ర చేతికి రావడానికి కొన్నేళ్లు పడుతుంది కాబట్టి ఒక్క ఏడాది ఆలస్యం కూడా పెద్దదే.

తేనె విషయంలో ఆశ ఎక్కువ, సమస్యలూ ఎక్కువ. కొండ తేనె, అంటే పెద్ద తేనెటీగ పట్టు తేనె, నీటిశాతం ఎక్కువగా ఉంటుంది. ఆహార భద్రత ప్రమాణాల ప్రకారం 20 శాతం దాటకూడదు. వానలప్పుడు తీసిన తేనె ఎలాగూ దాటుతుంది, సీసాలో పులిసి మూత పొంగుతుంది. తేనెలో నీటిశాతం చూపించే, అరచేతిలో పట్టే రిఫ్రాక్టోమీటర్ ఒకటి కొనండి, ఖరీదు పెద్దది కాదు, మీరు మొదట కొనాల్సిన పరికరం అదే. పట్టులో తేనె పైన, కొమ్మకి ఆనుకుని ఒక మూల ఉంటుంది, పిల్లలు కింది భాగంలో ఉంటాయి. ఆ పైభాగం మాత్రమే కోసి పిల్లల పట్టు వదిలేస్తే ఈగలు అక్కడే ఉండి మళ్లీ నింపే అవకాశం ఉంది. మంట పెట్టి పట్టు మొత్తం దించడం అలవాటైన చోట ఈ మార్పు ఒక్క మీటింగుతో రాదు. ఊళ్లో తేనె తీసేవాళ్లు నలుగురైదుగురే ఉంటారు. వాళ్లనే గురువులుగా పెట్టి, వాళ్లకి రోజు కూలీ ఇచ్చి, కొత్త పద్ధతి వాళ్ల చేతే చేయించండి. బయట నుంచి వచ్చిన ట్రైనర్ మాట కంటే సాటి మనిషి చేసి చూపించింది నిలుస్తుంది. విశాఖలోనే కోవెల్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది, తపసి జిగురు తీసే గిరిజనులకి చెట్టుకి దెబ్బ తగలకుండా గాటు పెట్టడం నేర్పించిన అనుభవం వాళ్లకుంది. వెళ్లి కలవండి.

ఇక విస్తర్లు. విశాఖలో గిరాకీ ఉంది, సందేహం లేదు. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు దేశమంతా నిషేధం కదా, కేటరింగ్ వాళ్లు ప్రత్యామ్నాయం వెతుకుతూనే ఉన్నారు. కానీ చాలామంది మీ దగ్గర అడిగేది ఆకు కింద ప్లాస్టిక్ పొర వేసిన ప్లేటు, సాంబారు కారకూడదని. అది ఒప్పుకోకండి. రెండు పొరల ఆకు సరిగా ఒత్తితే భోజనం అయ్యేదాకా కారదు. మొదటి ఏడాది చేతి కుట్టుతోనే వెళ్లండి. కోసిన ఆకు ఎండబెట్టి, కట్టలు కట్టి, బరువు కింద పెట్టి, వెదురు పుల్లతో కుట్టడం మీ ఊరి ఆడవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. నేర్పాల్సింది ఒకే కొలతలో కుట్టడం, చినిగిన ఆకు పక్కన పెట్టడం, వానాకాలంలో నిల్వ ఉంచిన కట్టకి తెల్ల బూజు పట్టకుండా అటక మీద గాలి తగిలేలా పెట్టడం, నూరు లెక్కపెడితే నూరే ఉండటం. పెళ్లి భోజనానికి వెయ్యి విస్తర్లు అని ఒప్పుకుని తొమ్మిది వందల ముప్ఫై పంపితే ఆ కేటరర్ మళ్లీ ఫోన్ ఎత్తడు. ఆర్డర్లు చేతిపనిని దాటి, అడ్డాకు లెక్కలో ఇంకా మిగులు ఉందని తేలినప్పుడు మిషన్ తీసుకోండి. అప్పుడు కూడా ఊళ్లో త్రీ ఫేజ్ కరెంటు ఉందా, మిషన్ చెడితే అనకాపల్లిలో బాగుచేసేవాడు ఉన్నాడా అని ముందు కనుక్కోండి.

ధర ఎలా పెట్టాలని అడిగితే, గిరిజన సహకార సంస్థ (జీసీసీ) కొనే ధరని నేలగా పెట్టుకోండి. జీసీసీ 1956 నుంచి విశాఖ కేంద్రంగా ఉంది, ఆ రేట్లు సీజన్‌కి ముందే అడిగి తెలుసుకోవచ్చు. సేకరించినవాళ్లకి మీరిచ్చేది దానికంటే ఎక్కువ ఉండాలి, సరుకు తూచిన రోజే ఇవ్వాలి. వారం తర్వాత ఇస్తామంటే వాళ్లు సంతలో షావుకారుకే ఇస్తారు, తప్పు వాళ్లది కాదు, ఇంట్లో బియ్యం ఈరోజే కావాలి. అందుకే గ్రాంటు డబ్బు మిషన్ల మీద కాకుండా ఈ తూకం రోజు చెల్లింపుకి తిరిగే నిధిగా అడగండి. ఇవ్వరు అంటారు, అయినా అడగండి.

రిజిస్ట్రేషన్ సంగతి. అమ్మకాలకి ప్రొడ్యూసర్ కంపెనీ, అంటే ఉత్పత్తిదారులే వాటాదారులుగా ఉండే కంపెనీ, లేదా 1995 చట్టం కింద మ్యాక్స్ సొసైటీ, అంటే పరస్పర సహాయ సహకార సంఘం, ఈ రెండిట్లో ఒకటి. ప్రొడ్యూసర్ కంపెనీకి పదిమంది ఉత్పత్తిదారులు, అయిదుగురు డైరెక్టర్లు కావాలి, ఏటా చార్టర్డ్ అకౌంటెంట్ ఖర్చు ఉంటుంది. ఊరి స్థాయిలో మొదలుపెట్టడానికి మ్యాక్స్ చాలు, పుస్తకాలు ఊళ్లోవాళ్లే రాసుకోగలరు. ఏదైనా సరే, వాటాదారులు సేకరించేవాళ్లే కావాలి. మధురవాడలో ఉండే మీరు సలహాదారులుగా, అమ్మకాల మనుషులుగా ఉండండి, యజమానులుగా కాదు. ఇది మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఎందుకంటే బోర్డులో చదువుకున్నవాళ్లు నలుగురు కూర్చుంటే మిగతావాళ్లు మాట్లాడటం మానేస్తారు. సీఎస్ఆర్ డబ్బు మాత్రం ఈ రెండిటికీ సూటిగా రాదు. లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ, ట్రస్టు లేదా రిజిస్టర్డ్ సొసైటీ అయి, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ గుర్తింపులు ఉండి, మూడేళ్ల అనుభవం చూపించి, సీఎస్ఆర్-1 ఫారం దాఖలు చేసినవాళ్లకే సాధారణంగా ఇస్తారు. కాబట్టి శిక్షణ ఖర్చు వరకు ఇప్పటికే పనిచేస్తున్న మంచి సంస్థతో కలిసి తీసుకోండి. వన్‌ధన్ వికాస కేంద్రం కూడా చూడొచ్చు, 2018లో మొదలైన పథకం అది, పదిహేను స్వయం సహాయక సంఘాలు కలిపి మూడువందల మంది సభ్యులతో ఒక కేంద్రం, దానికి 15 లక్షల దాకా. మీ ఊరు ఒక్కటే సరిపోదు, చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లు కలవాలి.

కుర్రాళ్ల గురించి ఒక మాట. వాళ్లు ఇప్పుడు అచ్యుతాపురం, పరవాడ కంపెనీ బస్సులెక్కి వెళ్తున్నారు, నెలకి జీతం వస్తోంది. అడవి పని సీజన్ పని, ఆ జీతంతో పోటీ పడలేదు, పడుతుందని వాళ్లకి ఆశ చూపకండి. కానీ చెట్టెక్కి తాడుతో కట్టుకుని కొమ్మని దెబ్బ తగలకుండా దించడం, చైన్‌సా భద్రంగా వాడటం, నర్సరీ పెంచడం వచ్చిన అయిదుగురి జట్టుకి విశాఖలో ఏడాది పొడుగునా పని దొరుకుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోడ్ల మీద, ఇళ్ల మీద పడిన చెట్లు తీయడానికి పని తెలిసిన మనిషి దొరకడమే కష్టమైంది. ఈ రోజుకీ అపార్ట్‌మెంట్ మీదికి వంగిన కొమ్మ తీయించాలంటే గొడ్డలి పట్టుకున్న ఎవరో ఒకరిని పిలుస్తున్నారు, కింద ఇద్దరు తాడు లాగుతారు, హెల్మెట్ ఉండదు. నీరు, భూమి, చెట్ల రక్షణకి ఉన్న వాల్టా చట్టం కింద అనుమతి తీసుకుని, బీమా చేయించుకుని, హెల్మెట్లూ హార్నెస్‌లూ వేసుకుని పద్ధతిగా ఆ పని చేసే జట్టు మీ సంస్థదైతే, విస్తర్లు అమ్ముడుపోని నెలల్లో జీతాలు దాని మీద వస్తాయి. ఆ కుర్రాళ్లే జనవరి, ఫిబ్రవరిలో ఊరికి వచ్చి మంటలు దాటకుండా ఫైర్ లైన్లు గీసి, మోడుల మీద పిలకలు పలచన చేసి వెళ్తారు. నాకైతే ఈ ఏర్పాటు మీదే నమ్మకం ఎక్కువ.

ఈ నెలలో చేయాల్సింది రెండే పనులు. వీఎస్ఎస్ కాగితాలు, మైక్రోప్లాన్ కాపీ రేంజ్ ఆఫీసులో అడిగి తెచ్చుకోండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. రెండోది, ఊళ్లో ఆడవాళ్లు ఏ నెలలో ఏం సేకరిస్తారో, ఎక్కడి నుంచి, ఎంతకి అమ్ముతున్నారో వాళ్ల నోటితోనే చెప్పించి పన్నెండు నెలల పట్టిక రాయండి. ఆ కంపెనీ వాళ్లకి మాత్రం వద్దు అనకండి, వచ్చే ఏడాది ఏం కావాలో లెక్కతో సహా చెబుతాం అని రాసి పంపండి. పట్టిక తయారయ్యాక ఇక్కడే పెడితే, ఏ రెండు సరుకులతో మొదలుపెట్టాలో చూసి చెబుతాను.